నీళ్ళు పోసిన కంప్యూటర్

మా అన్న రవిబాబు పెళ్ళి సీడీ చేతికొచ్చిన రోజున ఊరంతా మా వాకిట్లోనే ఉంది. 2005 మార్చి నెల. కాఫీ కోతలు ముగిసి, కళ్ళంలో గింజలు ఎండి బస్తాలకెక్కిన రోజులు. జనానికి కాస్త తీరిక చిక్కింది. టీవీని బయటికి తెచ్చి బల్ల మీద పెట్టారు. ముందు చాప మీద పిల్లలు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు, గోడకి ఆనుకుని మగవాళ్ళు. మా నాన్న గాసి అందరికంటే వెనక, కాలుస్తున్న చుట్ట ఆర్పేసి మరీ కూర్చున్నాడు.

పెళ్ళి రెండు పద్ధతుల్లోనూ జరిగింది. వదిన సిల్వియా వాళ్ళది సీలేరు, చర్చికి వెళ్ళే కుటుంబం. పొద్దున ఫాదరుగారి ప్రార్థన, సాయంత్రం మా ఊరి థింసా ఆట. తుడుము మోగిందంటే మా అమ్మ దేముడమ్మ నిలవలేదు. చేతులు వెనకనుంచి ఒకరికొకరు పెనవేసుకుని ఆడే ఆ వరసకి తల అమ్మే. అమ్మ అడుగు ఎటు పడితే వరస అటు తిరుగుతుంది. చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా ముందు పిలుపు అమ్మకే వచ్చేది.

తెర మీద అమ్మ కనబడగానే తుడుము ఆగిపోయింది. దాని బదులు సినిమాల్లో హాస్యగాడు జారిపడేటప్పుడు వేసే చప్పుడొకటి వినిపించింది. అమ్మ ముందుకి వంగిన ప్రతిసారీ అదే చప్పుడు. ఆ తర్వాత తెర మూలనుంచి ఒక బొమ్మ కోతి గెంతుతూ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, అమ్మ పక్కన నిలబడి అవే అడుగులు వేసింది.

పిల్లలు నవ్వారు. కోతి కనబడితే పిల్లలు నవ్వుతారు, అందులో వాళ్ళ తప్పేం లేదు. పెద్దవాళ్ళలో కొందరు వాళ్ళతో పాటు నవ్వబోయి సగంలో ఆగిపోయారు. నాన్న లేచి వెళ్ళి టీవీ కట్టేశాడు.

"కరెంటు పోనాదేటి?" అన్నారెవరో.

"నేదు," అన్నాడు నాన్న.

అమ్మ కొంగు దులుపుకుని లేచి, "ఉండండి, టీ ఎడతాను" అని లోపలికి వెళ్ళింది.

నాకు ఒళ్ళు మండడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ సీడీ తయారైంది కొండ కింద శృంగవరపుకోటలో, తాతారావు గారి స్టూడియోలో. నేను అక్కడే పనిచేస్తున్నాను. పెళ్ళిళ్ళ టేపులు కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కర్లేనివి కోసి, వరసగా పేర్చడం నా పని. ఆ పైన పాటలూ మెరుపులూ రంగులూ వేసే మిక్సింగ్ పని ఆయనది. మా అన్న పెళ్ళి నేనే కోసి పేర్చాను. నా చేతిలోంచి వెళ్ళినప్పుడు అందులో కోతి లేదు.

తర్వాతి వారం పక్క ఊళ్ళో పెళ్ళి. అమ్మ వెళ్ళింది కానీ వరసలోకి దిగలేదు. పిల్లల మధ్య చాప మీద కూర్చుంది. ఎవరు చెయ్యి పట్టి లాగినా "మోకాలు నొప్పమ్మా" అంది. ఆ పొద్దునే కొండమీంచి తలంత ఎత్తు కట్టెలమోపు మోసుకొచ్చిన మోకాలది.

నేను సోమవారం స్టూడియోకి వెళ్ళి నా కుర్చీలో కూర్చోకుండా నేరుగా తాతారావు గారి బల్ల ముందు నిలబడ్డాను.

"సార్, మా అన్న పెళ్ళిలో కోతిని పెట్టారు."

ఆయన వెనక్కి వాలి నవ్వారు. చెడ్డమనిషి అనిపించరు చూడ్డానికి. ఎవరికి జ్వరమొచ్చినా అడక్కుండానే సెలవిచ్చే మనిషి. "బాగా కుదిరింది కదా! మా పిల్లలు నాలుగుసార్లు ఏయించుకున్నారు."

"ఆ ఆడేది మా అమ్మ సార్."

"ఒలమ్మ, మీ అమ్మేటి? నాకేటి తెలుసు?" అని ఒక్క క్షణం ఆగి, "అయినా ఏటైపోనాదిప్పుడు? కొండోల్ల పెళ్ళి. ఆ మాత్రం కామెడీ నేకపోతే ఎవులు సూత్తారు?" అన్నారు.

"మేం చూస్తాం."

"మీరు సూత్తారులే."

"కోతిని తీసేసి మళ్ళీ చేసివ్వండి సార్."

"సీజను నడస్తంటే మల్లీ మిక్సింగా? పన్లు సూసుకో హేమలతా."

"అయితే టేపులివ్వండి. నేనే చేసుకుంటాను."

"దేన్లో సేత్తావే గుంటా? అడ్డాకుల విస్తర్ల మీదేటి?"

గదిలో ఉన్న మిగతా ఇద్దరూ నవ్వారు. నేను అరలోంచి మా అన్న పేరు రాసి ఉన్న టేపులు తీసి సంచిలో వేసుకున్నాను. ఆయన ఆపలేదు. మర్నాటికి చల్లబడి వస్తానని అనుకుని ఉంటారు.

ఇంటికొచ్చి పని మానేశానని చెప్పాను. నాన్న చుట్ట వెలిగించుకున్నాడు. అన్న మాత్రం జీపు తుడుస్తున్న గుడ్డ కింద పడేశాడు. పెళ్ళిళ్ళకి కెమేరావాళ్ళనీ లైట్లనీ కొండమీదికి మోసేది అన్న జీపే. వేసవంతా తాతారావు గారి పనే వాడికి ఆధారం.

"నువ్వు మానీసినావు సరే. నా బండి సంగతేటి?"

"నీ పెళ్ళే కదా అన్నియ్యా అది."

"పెళ్ళి అయిపోనాది కదే! ఇంకా దాన్ని పట్టుకుని ఏలాడతావేటి?"

పొయ్యి ఊదుతున్న సిల్వియా తలెత్తి వాడివైపు చూసింది. పెళ్ళై నెల దాటలేదు. ఇంకా మా ఇంట్లో గొంతెత్తి మాట్లాడేది కాదు. ఆ చూపుకి మాత్రం అన్న గుడ్డ తీసుకుని బయటికి పోయాడు.

దాచుకున్నదంతా పట్టుకుని విశాఖపట్నం వెళ్ళాను. డాబాగార్డెన్స్‌లో పాత కంప్యూటర్లు అమ్మే కొట్లన్నీ తిరిగి ఒక్కో భాగమే ఏరుకున్నాను. మదర్‌బోర్డు ఒకచోట, ప్రాసెసర్ ఇంకోచోట, కెమేరా టేపు ఎక్కించే కార్డు మరోచోట. కిరండూల్ పాసింజరు రైల్లో అవన్నీ ఉన్న ఇనప డబ్బా ఒళ్ళో పెట్టుకుని, సొరంగం వచ్చినప్పుడల్లా ఇంకాస్త గట్టిగా పట్టుకుని ఇంటికి చేరాను. కాఫీ బస్తాలుండే రేకుల గదిలో ఒక మూల ఖాళీ చేసుకుని బిగించాను. మొదటిసారి స్విచ్చి నొక్కగానే వెలిగింది. ఆ సంతోషం సరిగ్గా రెండు రోజులు నిలిచింది.

ఇక్కడ చిక్కేమిటో చెప్పాలి. కోసి పేర్చిన బొమ్మలన్నిటినీ కలిపి సీడీకి ఎక్కేలా వండి తియ్యాలి. దాన్నే రెండరింగ్ అంటారు. కంప్యూటర్ గంటల తరబడి ఏకబిగిన లెక్కలు కట్టుకోవాలి. మా ఊళ్ళో కరెంటు అంతసేపు నిలవదు. రాత్రయితే ఓల్టేజీ పడిపోయి మానిటరే వణుకుతుంది. పొద్దున కాసేపు మంచి కరెంటు ఉంటుంది, మధ్యాహ్నం కోత. ఈ రెంటి మధ్యలో పని అయిపోవాలి, కావడం లేదు. ముక్కలుగా చేసి అతికిస్తే అతుకు దగ్గర తుడుము దెబ్బ తప్పుతోంది. అమ్మ అడుగు ఒకటి, దెబ్బ ఒకటి అయ్యాయి. ఒకరు కోతిని పెట్టారని ఏడ్చి, నేను అమ్మకి అడుగు తప్పించడమా?

ప్రాసెసర్ వేగాన్ని, తయారుచేసినవాళ్ళు పెట్టిన హద్దు దాటించి పెంచుకోవచ్చు. పెంచాను. పని వేగంగా నడిచింది, దాంతోపాటు వేడీ పెరిగింది. పైన రేకులు, పక్కన వంటింటి పొగ. ప్రాసెసర్ మీదున్న చిన్న ఫ్యాను ఎంత తిరిగినా లాభం లేదు. వేడి హద్దు దాటగానే కంప్యూటర్ తనంతట తానే టక్కున ఆగిపోయేది. డబ్బా మూత తీసేసి పక్కన టేబుల్ ఫ్యాను పెట్టాను. కాఫీ గింజల పొట్టంతా లోపలికి పోయింది.

శుక్రవారం అరకు సంతలో ఒక మాట వినబడింది. "గాసి కూతురు కంప్యూటర్ కొనుక్కున్నాదంట, అది కుంపటయి కూసున్నాదంట" అని. తాతారావు గారి స్టూడియోనుంచి అక్కడిదాకా ఎలా వచ్చిందో నాకు తెలుసు. ఆ స్టూడియోవాళ్ళని మోసే జీపు నడిపేది మా అన్నే.

ఆ సాయంత్రం నేను డబ్బా ముందు చతికిలబడి పొట్టు ఊదుతుంటే సిల్వియా టీ గ్లాసుతో వచ్చింది.

"ఇది వేడెక్కి ఆగిపోతుంది, అంతే కదా హేమా?"

"అంతే వదినా."

"ఘాటీ ఎక్కేటప్పుడు జీపూ అంతే కదా. మరి జీపుకి నీళ్ళు పోస్తారు కదా."

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఆగిపోయింది కూడా. విశాఖపట్నంలో ఇంటర్నెట్ సెంటర్లో ఒకసారి చూసిన బొమ్మలు గుర్తొచ్చాయి. ఎవరో విదేశీ కుర్రాళ్ళు కంప్యూటర్లోకి గొట్టాలు పెట్టి, నీళ్ళు తిప్పి, చల్లబరుస్తున్నారు. డబ్బున్నవాళ్ళ సరదా అనుకుని ఆ పేజీ మూసేశాను. సిల్వియాకి కాగితం మీద గీసి చూపించాను. ప్రాసెసర్ మీద రాగి దిమ్మ. దాని కడుపులోంచి నీళ్ళు పోవాలి. అక్కడ వేడి పట్టుకుని, గొట్టంలో రేడియేటరుకి వెళ్ళి, చల్లబడి, మోటారు తోస్తే మళ్ళీ రాగి దిమ్మకి రావాలి.

"ఇది మా నాన్న షెడ్డులో రోజూ చేసే పనే. కాకపోతే చిన్నది," అంది సిల్వియా.

అన్న జీపు తియ్యనన్నాడు. మేమిద్దరం బస్సెక్కాం. పాడేరులో ఒకటి, చింతపల్లిలో ఒకటి మారి, వంపు తిరిగినప్పుడల్లా ఒకరిమీద ఒకరు పడుతూ సీలేరు చేరాం.

సిల్వియా వాళ్ళ నాన్న దైవాధీనం అక్కడి కరెంటు ప్రాజెక్టు కాలనీ గేటు బయట జీపులు బాగుచేస్తాడు. పెళ్ళిలో సూటు వేసుకుని బిగుసుకుపోయిన మనిషి, ఇక్కడ గ్రీజు బనీనులో హాయిగా ఉన్నాడు. నేను గీసిన కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"కంప్యూటర్‌కి రేడియేటరా! ఎందుకమ్మా అంత కష్టం? శృంగవరపుకోటలోనే చేయించుకోరాదా?"

"అక్కడ కోతిని పెట్టారు నాన్నా," అంది సిల్వియా. "అత్త పక్కన."

ఆయన సీడీ చూడలేదు. కూతురు చెబుతుంటే చేతులు తుడుచుకోవడం ఆపి విన్నాడు. తర్వాత షెడ్డు వెనక్కి పోయి ఇనప సామాను గలగలా కెలికాడు. ఒక పాత వ్యాను ముందుభాగంలోంచి చిన్న రేడియేటరు ఊడదీసి తెచ్చాడు. చలికాలంలో లోపలికి వెచ్చగాలి రావడానికి పెట్టేదట. రెండు అరచేతుల్లో పట్టేంత ఉంది. తుక్కులోంచి మందపాటి రాగి పట్టీ ఒకటి తీశాడు. కాలనీలో ఎవరి ఇంట్లోనో పాడైన ఎయిర్ కూలరు తాలూకు నీళ్ళ మోటారు కూడా దొరికింది.

రెండ్రోజులు అక్కడే ఉన్నాం. ఆయన రాగిలో కాలవలు తొలిచి, పైన ఇత్తడి మూత పెట్టి అతికాడు. దిమ్మ అడుగుభాగం ప్రాసెసర్ మీద సందు లేకుండా కూర్చోవాలి. దాన్ని నునుపు చేసే పని మాది. గాజు పలక మీద గరుకు కాగితం పరిచి ఒకరి తర్వాత ఒకరం రుద్దాం. వేళ్ళు బొబ్బలెక్కాయి. చివరికి అందులో సిల్వియా ముఖం కనబడింది. బొట్టుబిళ్ళంత మసి ఉంది ముక్కు మీద. అది చూసుకుని పకపకా నవ్వింది. ఆ పిల్ల అంత గట్టిగా నవ్వగలదని నాకప్పుడే తెలిసింది.

"రాగీ ఇత్తడీ పడతాయి," అన్నాడు దైవాధీనం బస్సెక్కించేటప్పుడు. "మధ్యలో అల్యూమినియం ముక్క తగిలించారో, ఒకదాన్నొకటి తినేస్తాయి. బావి నీళ్ళు పొయ్యకండి, పాచి పడుతుంది. బ్యాటరీకి పోసే నీళ్ళు పొయ్యండి." కిటికీలోంచి నా భుజం తట్టి, "బొమ్మ బాగా రావాలమ్మా" అన్నాడు.

ఇంట్లో అన్నీ బిగించాం. కంప్యూటర్‌కి కరెంటు ఇవ్వకుండా, మోటారు ఒక్కటీ తిప్పి చూడాలి. కింద పాత పేపర్లు పరిచాం. ఎక్కడ కారినా మచ్చ తెలుస్తుంది. మోటారు గురగురలాడి నీళ్ళు తోసింది. గొట్టంలో బుడగలు పరిగెత్తాయి. డబ్బాని అటూ ఇటూ వంచి బుడగలు పోగొట్టాం. సిల్వియా చప్పట్లు కొట్టబోయి ఆగింది. రాగి దిమ్మ అంచునుంచి ఒక చుక్క జారింది. తర్వాత ఇంకోటి. పేపరు తడిసిపోయింది.

సరిగ్గా అప్పుడే నాన్న గదిలోకి వచ్చాడు.

"ఏటిది? నీల్లూ కరెంటూ ఒక్క పెట్టిలోనా?"

"కంప్యూటర్‌కి కరెంటు ఇవ్వలేదు నాయినా. కారుతుందేమో చూస్తున్నాం."

"కారతంది కదా! కనబడతంది కదా! ఏడాది కట్టమంతా ఈ గదిలోనే ఉన్నాది. ఇల్లు కాలిపోతే ఎవులు దిక్కు? తీసీండి. ఇప్పుడే తీసీండి."

నాన్న అరవడం నేనెప్పుడూ వినలేదు. సిల్వియా మోటారు వైరు లాగేసింది. గొట్టంలో నీళ్ళు ఆగిపోయాయి. ఆ అరుపుకి అన్న కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాడి వెనకనుంచి అమ్మ, చేతిలో చేటతో. సోలెడు సామలు ఉన్నాయి అందులో. తడిసిన పేపరు చూసింది, డబ్బా చూసింది, మా ఇద్దరి చేతుల మీద బొబ్బలు చూసింది.

"కాల్తే కాలనీ," అంది అమ్మ. "మల్లీ కట్టుకుందుము."

నాన్న కాఫీ బస్తాలవైపు చూశాడు.

"ఆ కోతిని తియ్యండి ముందు," అని సామలు చెరుక్కుంటూ వెళ్ళిపోయింది.

సీడీ చూసిన రోజునుంచి అమ్మ నోట కోతి అన్న మాట రావడం అదే మొదలు.

మర్నాడు పొద్దున లేచేసరికి రాగి దిమ్మ కనబడలేదు. జీపూ లేదు. మధ్యాహ్నం భోజనాలవేళకి దిమ్మ కిటికీ గూట్లో ఉంది. అంచు చుట్టూ కొత్త అతుకు, ఇంకా వెచ్చగా. అన్న అన్నం తింటున్నాడు. ఎక్కడ చేయించావని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. సిల్వియా మాత్రం వాడి కంచంలో ఇంకో గరిటెడు పప్పు వేసింది.

నాన్న గునపంతో మట్టిగోడకి కన్నం పెట్టాడు. రేడియేటరు గది లోపలుంటే ఆ వేడి అక్కడే తిరుగుతుందని, గొట్టాలు కన్నంలోంచి బయటికి లాగి, చూరుకింద నీడలో కట్టాం. లోయలోంచి వచ్చే గాలి నేరుగా దానికే తగులుతుంది. ఈసారి పొద్దస్తమానం మోటారు తిప్పాం. పేపరు పొడిగానే ఉంది.

తెల్లారి కరెంటు నిలకడగా ఉందని చూసుకుని కంప్యూటర్ పెట్టాను. హద్దు దాటించిన వేగం మీదే. వేడి ఎంతుందో చూపించే అంకె తెర మూల ఉంటుంది. ఇదివరకు అది నేను చూస్తుండగానే పరుగులు తీసేది. ఈసారి కొంచెం ఎక్కింది, నిలబడింది. ఇంకొంచెం ఎక్కింది, అక్కడే ఉండిపోయింది. బయట సిల్వియా చెయ్యి రేడియేటరు మీద పెట్టి, "హేమా, వేడంతా ఇక్కడికొచ్చేసింది!" అని అరిచింది. కాసేపటికి మా పుంజు ఒకటి వెచ్చగా ఉందని దానిమీద ఎక్కి కూర్చుంది. తోలితే మళ్ళీ వచ్చింది. చివరికి వెదురు తడక అడ్డం కట్టాల్సి వచ్చింది.

కరెంటు కోత వేళకి ముందే బొమ్మ మొత్తం ఒక్క ముక్కగా తయారైంది. అతుకు లేదు.

ముందు అమ్మకే చూపించాను. గదిలో కాఫీ బస్తా మీద కూర్చుంది. తుడుము మోగింది, మోరి బూర ఊదారు, అమ్మ అడుగు వేసింది. పాటలేం వెయ్యలేదు. అమ్మ ఆట మొత్తం ఉంచాను, దుమ్ము లేచినది లేచినట్టు, మధ్యలో ఎవరి బిడ్డో ఏడ్చినది ఏడ్చినట్టు. అమ్మ మొహం చూస్తూ కూర్చున్నాను నేను. ఏడుస్తుందేమో అనుకున్నాను.

అమ్మ తెరకి దగ్గరగా వంగింది. "అదుగో, బుధు పెల్లాం అడుగు తప్పినాది సూడు! నేనప్పుడే అన్నాను. కాదని దెబ్బలాడినాది నాతోటి." అని చెయ్యి ఊపి, "మల్లీ ఎయ్యి, అక్కడే" అంది.

పాత సీడీ అప్పటికే చుట్టుపక్కల చుట్టాల ఊళ్ళన్నిటికీ వెళ్ళిపోయింది. అమ్మ కొత్తవి బుట్టలో పెట్టుకుని ఒక్కో ఊరూ నడిచింది. ఇంటికెళ్ళడం, "ఆ తప్పుడుది ఇచ్చీ, ఇది ఎట్టుకో" అనడం, ఇచ్చేదాకా గుమ్మంలోంచి కదలకపోవడం. కొందరు పోయిందన్నారట. వెతకమందట. ఆ ఊళ్ళలో ఒకదాంట్లో పెళ్ళికి మమ్మల్నే బొమ్మ తీయమన్నారు. అరకులో ఫోటోలు తీసే రామారావు దగ్గర కెమేరా అద్దెకి తెచ్చుకున్నాను.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. మగవాళ్ళు వేటకి అడవికి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు పెట్టి వచ్చే పోయే బళ్ళని ఆపుతారు, ఆడి పాడి పండగ మామూలు పుచ్చుకుంటారు. ఎంతటి అధికారి వచ్చినా ఆ రోజుల్లో వెదురు లేచేదాకా ఆగాల్సిందే. అన్న ఆ ఏడు వేటకి వెళ్ళలేదు, జీపులో ఏదో విప్పుకుని రోడ్డు పక్కనే ఉన్నాడు. పొద్దెక్కాక ఒక వ్యాను వచ్చి ఆగింది. లోపల లైట్లు, కెమేరా పెట్టెలు. ముందు సీట్లో తాతారావు గారు.

నన్ను చూసి తల బయట పెట్టారు. "ఏటి హేమలతా, కంప్యూటర్లో నీల్లు పోసినావంట?"

"పోశాను సార్. తిరుగుతున్నాయి."

ఆయన నవ్వుతూ జేబులోంచి నోటు తీసి అమ్మవైపు చాపారు. అమ్మ అందుకోలేదు.

"డబ్బులొద్దు బాబూ. దిగి సూసెల్లు."

"ఏటి సూడాల?"

"నా ఆట."

పెళ్ళికి వేళవుతోందన్నారాయన. డ్రైవరు హారను కొట్టాడు. సిల్వియా వెళ్ళి వెదురు మీద కూర్చుంది. తన పక్కన బుధు పెళ్ళాం, ఆమె పక్కన ఇంకో ఇద్దరు. తాతారావు గారు అటూ ఇటూ చూసి దిగారు.

మా వాకిట్లో బల్ల వేసి కూర్చోబెట్టాం. మంచినీళ్ళిచ్చాం. వేటకెళ్ళని జనమంతా చుట్టూ చేరారు. మొదట ఆయన కాలు ఊపుతూ చూశారు. తర్వాత కాలు ఆగింది. పనితనం తెలిసిన మనిషి కదా.

"ఒక్క కట్ కూడా నేదు," అన్నారు నాతో, గొంతు తగ్గించి. "ఇంత పొడుగు షాటు ఒక్కసారే రెండర్ సేసినావా? ఇక్కడి కరెంటు మీద?"

గదిలోకి తీసుకెళ్ళి చూపించాను. గొట్టం పట్టుకుని చూశారు. గోడ అవతలికి వెళ్ళి రేడియేటరు చూశారు. తిరిగొచ్చి, "మా సిస్టానికి కూడా ఇలాటిది కట్టు. సోమవారం వచ్చీ. మిక్సింగంతా నీకే వదిలీస్తాను" అన్నారు.

"రాను సార్."

"కోపం ఇంకా పోనేదేటి?"

"మా అమ్మ అక్కడే ఉంది సార్. ఏమైనా చెప్పాలంటే ఆమెకి చెప్పండి."

ఆయన అమ్మవైపు చూశారు. అమ్మ కూడా చూసింది, కళ్ళు దించలేదు. ఆయన గొంతు సవరించుకున్నారు. ఏదో అంటారనుకున్నాను. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకుని, రోడ్డువైపు నడిచారు.

జీపు దగ్గర ఆగి, "రవిబాబూ, ఆదివారం బండి కావాలి. పాడేరులో పెళ్ళి" అన్నారు.

అన్న స్పానరు కింద పెట్టాడు. "కాళీ నేదండి."

"అదేటి? ఎవులికిచ్చినావు?"

"మా సెల్లికి. ఈ సీజనంతా దానికే."

నేను అడగలేదు, వాడు నాతో చెప్పనూ లేదు. ఆ మాట తాతారావు గారు విన్నప్పుడే నేనూ విన్నాను. సిల్వియా వెదురు మీదనుంచి లేచి, వాడివైపు చూడకుండానే నవ్వుకుంటూ చీర దులుపుకుంది.

"ఎత్తండే," అంది అమ్మ. "ఎల్లనీండి."

వెదురు లేచింది. వ్యాను వెళ్ళిపోయింది.

తుడుము వాయించే ముసలాయన వేళ్ళు విరుచుకుని మొదలెట్టాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేతులు పెనవేసుకున్నారు. అమ్మ బుధు పెళ్ళాంతో ఏదో దెబ్బలాడుతూనే వెళ్ళి వరసకి మొదట నిలబడింది. రెండో చోట సిల్వియాని లాక్కుంది. నేను కెమేరా భుజానికెత్తుకున్నాను. వరస వంగింది, లేచింది, రోడ్డుకి ఈ చివరనుంచి ఆ చివరకి పాములా తిరిగింది. పాడేరు బస్సు వచ్చి ఆగింది. ఎవరూ ఆట ఆపలేదు. కిటికీల్లోంచి జనం తలలు పెట్టి చూశారు.

నా ముందునుంచి పోతూ అమ్మ, అడుగు తప్పకుండానే, కెమేరా వైపు మొహం తిప్పింది.

"సరిగ్గా తియ్యి గుంటా," అంది. "ఎక్కడా కొయ్యకు."